తాకినవాళ్ళే చెప్పాలి

శనివారం పొద్దున పదింటికల్లా కావలసినవి:

ఎనిమిది గ్రానైట్ రాళ్ళు మూసాపేట నుంచి తెప్పించాలి.
నాలుగు రాళ్ళ పిడులకు ఎర్ర టేపు, నాలుగింటికి పసుపు టేపు చుట్టాలి.
బ్రష్షులు నాలుగు. వెంట్రుకలు రాలనివి చూసుకోవాలి.
అందరి బూట్ల సైజులు అడగాలి.
ఆట నియమాలు ఒక్క పేజీలో రాసి, పైకి చదవాలి.
మంచు మీద నీటి చుక్కలు చల్లించాలి.
బ్యానర్.
సమోసాలు, టీ. గ్లెన్ గారికి చక్కెర లేకుండా.

ఈ పట్టీ నా ఫోనులో ఇంకా ఉంది. అన్నిటి పక్కనా టిక్కు పెట్టాను. నీటి చుక్కల దగ్గర పెట్టిన టిక్కు మాత్రం తర్వాత తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు నవనీత. మాది పాలకుర్తి దగ్గర ఒక ఊరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మా నాయన ఐలయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన రోజు ఆయన చెప్పింది ఒక్కటే మాట. “పెద్దోళ్ళు ఏం చెప్తే దానికి ఊ అను బిడ్డా. ఎవలకు ఎదురు చెప్పకు.” ఆ మాట నేను జవదాటలేదు. అందుకే ఆఫీసులో ఎవరికీ అక్కర్లేని పనులు నా దగ్గరికి వచ్చేవి.

మా క్లయింటు కెనడాలో ధాన్యం గిడ్డంగుల కంపెనీ. వాళ్ళ తరఫున గ్లెన్ అనే పెద్దాయన వారం రోజులు హైదరాబాదు వస్తున్నారని తెలిసింది. వాళ్ళ ఊరిలో చలికాలమంతా కర్లింగ్ అనే ఆట ఆడతారట. మా టీమ్ లీడు స్రవంతి గారికి ఒక ఆలోచన వచ్చింది. కొండాపూర్‌లో ఒక మాల్ పైఅంతస్తులో స్కేటింగ్ కోసం మంచు గచ్చు ఉంది, రింకు అంటారు. దాన్ని శనివారం ఒక పూటకు మాట్లాడుకుని, ఆయనతో ఆ ఆట ఆడిద్దామన్నారు.

“నవనీతా, నువ్వు చూసుకుంటావు కదమ్మా? నీ ప్రొబేషన్ కూడా ఈ నెలాఖరుకే కదా,” అన్నారు. ఆ రెండు మాటలకూ సంబంధం లేనట్టే అన్నారు.

“సరే మేడం,” అన్నాను.

ఆట గురించి వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం, మూడు షిఫ్టులు. ఒకరినొకరం చూసుకునేది తక్కువ. అందుకని పొద్దున ఏడింటికే ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆ వేళకు అంతస్తంతా ఖాళీ. తుడిచిన నేల ఇంకా తడిగా ఉండేది. నా టిఫిన్ డబ్బా మూత తీసి, పాంట్రీ గుమ్మం నుంచి ప్రింటరు దాకా జారవిడిచేదాన్ని.

మూడో రోజు వెనక నుంచి గొంతు వినిపించింది. “ఏంది బిడ్డా, నా నేల మీద క్యారంబోర్డు ఆడుతున్నవా?”

అంజమ్మ. మా అంతస్తు హౌస్‌కీపింగ్ ఆమె. నీలం కోటు, చేతిలో మాప్ కర్ర. రోజూ నన్ను చూసి తలూపేది. ఆ ఆఫీసులో నాకు తలూపేది ఆమె ఒక్కతే.

“కర్లింగ్ అక్కా. కెనడా ఆట. జట్టుకు నలుగురుంటరు.”

“నలుగురు ఆడేది ఒక్కదానివే ఆడుతున్నవ్. మిగిలిన ముగ్గురు ఇంక నిద్ర లేవలేదా?”

నవ్వొచ్చింది. ఆమె మాప్ గోడకు ఆనించి నిలబడింది. నేను మూతతో చూపించాను. ఈ చివర నుంచి రాయిని మంచు మీద జారవిడవాలి. ఆ చివర వలయాలు గీసి ఉంటాయి, దాన్ని ఇల్లు అంటారు. అన్ని రాళ్ళూ వదిలాక నడిమధ్యకు ఎవరి రాయి దగ్గరుంటే పాయింట్లు వాళ్ళవే. పిడిని కొద్దిగా తిప్పి వదిలితే రాయి పోతూ పోతూ వంకర తిరుగుతుంది. ఒకరు రాయి వదులుతారు. ఇంటి దగ్గర కెప్టెన్ నిలబడి ఎటు రావాలో చెబుతాడు. మిగతా ఇద్దరూ రాయి ముందు పరుగెత్తుతూ బ్రష్షులతో మంచును రుద్దుతారు. రుద్దితే మంచు కాస్త వేడెక్కి, రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది.

“అంటే ఇద్దరు రాయి ముందల ఊడ్సుకుంట ఉరుకుతరా?”

“అవునక్కా.”

“దీనికి కెనడా దాక ఎందుకు పోయినవ్? నన్నడిగితే నేర్పిస్తుంటి గద.”

ఆ రోజు నుంచి ఆమె పని అయ్యాక పది నిమిషాలు నాతో ఆడేది. నేను మూత వదిలితే, ఆమె పొడిగుడ్డ కట్టిన మాప్‌తో ముందు నడిచేది. కూర్చోమంటే మాత్రం కూర్చునేది కాదు. ఎందుకని అడిగితే చెప్పింది. వాళ్ళ ఏజెన్సీ సూపర్‌వైజరు వెంకటరమణ దగ్గర ఒక రిజిస్టరు ఉంది. తప్పు చేస్తే పేరు పక్కన ఎర్ర గీత పెడతాడు. మూడు గీతలైతే పని పోతుంది. అంజమ్మకు అప్పటికే రెండు ఉన్నాయి. మోకాలు నొప్పెట్టి క్యాంటీను కుర్చీలో కూర్చున్నందుకు ఒకటి, స్టాఫ్ లిఫ్టు ఎక్కినందుకు ఒకటి.

“ఇంకోటి పడితే ఇగ సంచి సదురుకునుడే,” అంది మామూలుగా. “గీ వయసుల కొత్త జాగల ఎవలు పెట్టుకుంటరు బిడ్డా?”

నియమాలన్నీ చెప్పాక ఆమె ఒక్కటే అడిగింది. “రాయి పోతున్నప్పుడు చీపురు తాకితే?”

“ఆ రాయి చెడిపోయినట్టే. తాకినోళ్ళే చెప్పాలె. అంపైరు చూసేదాక ఆగొద్దు. ‘నాదే తాకింది’ అని చెయ్యెత్తాలె.”

“ఎవలూ సూడకపోయినా?”

“సూడకపోయినా.”

“అయితే ఇది మా వెంకటరమణ సారు ఆడే ఆట కాదు,” అని నవ్వింది.

ఆటలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది నీటి చుక్కల పని. అద్దంలాంటి మంచు మీద ఆ రాయి ఎక్కువ దూరం పోదు. గోరువెచ్చని నీళ్ళు సన్న చుక్కలుగా చల్లాలి. అవి గడ్డకట్టి గరుకుగా నిలిస్తే, రాయి వాటి తలల మీద తేలుతూ పోతుంది. చుక్కలు ఎక్కువైతే మడుగు కడుతుంది, తక్కువైతే రాయి ఆగుతుంది. దానికి వేరే పరికరం ఉంటుంది కానీ మాకు దొరకలేదు. అంజమ్మతో చెప్పాను.

“వాకిట్ల సాన్పి సల్లినట్టే గద? పేడ లేకుంట. నేను సల్లుత తియ్యి.”

శనివారం టీ, సమోసాల సాయానికి ఆమెనూ రమ్మన్నారు. ఎనిమిదింటికే రింకు చేరుకున్నాం. వలయాల కోసం ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ రింకువాళ్ళు ముందురోజే తడిపి మంచులో అతికించారు. లోపల చలి. నా స్వెటర్ ఆమెకు ఇచ్చి, నేను చున్నీ కప్పుకున్నాను. అంజమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఎడమ చేత బకెట్ పట్టుకుని, వెనక్కి నడుస్తూ కుడి చేత్తో నీళ్ళు విసిరింది. మణికట్టు మాత్రమే కదిలేది. ఒక చోట ఎక్కువ లేదు, ఒక చోట తక్కువ లేదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి మంచంతా సన్న గింజలు పరిచినట్టయింది.

“ఏసి సూడు,” అంది.

ఎర్ర రాయి తీసుకుని మోకాలి మీద వంగి వదిలాను. గుర్రుమని సన్నటి చప్పుడుతో పోయింది. సగం దూరంలో నెమ్మదించింది. “ఊడ్సు అక్కా, ఊడ్సు!” అని అరిచాను. అంజమ్మ బ్రష్షు పట్టుకుని, మోకాలి నొప్పి సంగతే మరిచి, రాయి ముందు గబగబా రుద్దుకుంటూ పోయింది. రాయి మెల్లగా ఎడమకు వంగి, నీలం వలయం దాటి, ఎర్ర వలయంలో ఆగింది.

ఆమె బ్రష్షు పైకెత్తింది. “ఇంట్లకొచ్చింది!”

హైదరాబాదు వచ్చిన ఎనిమిది నెలల్లో నేను అంత గట్టిగా నవ్వింది ఆ ఒక్కసారే.

తొమ్మిదిన్నరకు అంజమ్మ టీ డబ్బాలు తేవడానికి కింద వ్యాను దగ్గరికి వెళ్ళింది. అప్పుడే స్రవంతి గారు వచ్చారు. మంచు వైపు చూసి ఆగిపోయారు.

“ఇదేంటమ్మా, గచ్చంతా పొక్కులు పొక్కులుగా ఉంది? ఫొటోల్లో ఎంత అసహ్యంగా పడుతుందో తెలుసా? గ్లెన్ గారు దార్లో ఉన్నారు. అద్దంలా చేయించు, త్వరగా.”

నాకు తెలుసు. అవి ఎందుకున్నాయో ఆ హాల్లో నాకు మాత్రమే తెలుసు. ‘మేడం, అవి కావాలనే చల్లించాం’ అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం ఇంకోటి వచ్చింది.

“సరే మేడం.”

రింకు మనిషి దగ్గరికి వెళ్ళి, మంచు గీకే బండి తిప్పమన్నాను. పది నిమిషాల్లో అంజమ్మ చుక్కలు తెల్లపొడిగా ఒక మూలకు చేరాయి. ఆమె పైకి వచ్చేసరికి అందరూ వచ్చేశారు. ఆమె టీ కప్పుల దగ్గరికి వెళ్ళింది. మంచు చూడలేదు.

గ్లెన్ గారు పొడుగు మనిషి, నెమ్మది. నేను నియమాలు చదువుతుంటే శ్రద్ధగా విన్నారు. తాకినవాళ్ళే ఒప్పుకోవాలన్న దగ్గర చెయ్యెత్తి ఆపారు. ఈ ఆటలో తనకు అన్నిటికన్నా ఇష్టమైంది అదేననీ, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ముందు నేర్పింది అదేననీ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మొదటి రాయి ఆయనే వదిలారు. సగానికి రాకముందే ఆగిపోయింది. మా టీములో అవినాష్ బలమంతా పెట్టి తోశాడు. ఆ రాయీ ఇంటికి చాలా దూరంలోనే నిలిచింది.

“బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ జాము ఇక్కడికీ వచ్చిందేంట్రా,” అన్నాడు అక్కడ పనిచేసి వచ్చిన అవినాష్. అందరూ నవ్వారు. గ్లెన్ గారు వంగి అరచేత్తో మంచు తడిమి, చుక్కలు చల్లలేదా అని అడిగారు.

స్రవంతి గారి ముఖం మారింది. టీ, సమోసాల ఏర్పాట్లు చూడటానికి వచ్చిన వెంకటరమణ ముందుకొచ్చాడు.

“ఏమ్మా అంజమ్మా, నీళ్ళు సల్లేది నీ పనే గద? సల్లినవా, లేదా?”

ఆమె చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. “సల్లిన సార్. పొద్దుగాలనే సల్లిన. నవనీత మేడం ఉండె గద, అడుగుండ్రి.”

అందరూ నా వైపు తిరిగారు. స్రవంతి గారు కూడా. ఆవిడ చేతిలో ఫోను, ఆ ఫోనులో ఎక్కడో నా ప్రొబేషన్ కాగితం. నాకు ఆ క్షణంలో కనిపించింది అంతే.

“నేను… బ్యానర్ పనిలో ఉన్నాను సార్. చూడలేదు,” అన్నాను.

అంజమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. పక్కింటి పిల్ల బస్సులో ఎదురై పలకరించకుండా ముఖం తిప్పుకుంటే ఎలా చూస్తాం, అలా చూసింది. ట్రే బల్ల మీద పెట్టి, స్వెటర్ విప్పి, దాని చేతులు లోపలికి మడిచి, నా సంచి పక్కన పెట్టింది. వెంకటరమణ ఆమెను కిందికి తీసుకెళ్ళాడు. చుక్కలు మళ్ళీ చల్లాలని ఎవరికీ తోచలేదు. తోచినా చేతనైన మనిషి లేదు. ఫొటోలు దిగాం. సమోసాలు తిన్నాం.

సోమవారం ఏడింటికి ఆఫీసుకు వెళ్ళాను. నేల తుడుస్తున్నది వేరే ఆమె.

స్రవంతి గారు రాగానే వెళ్ళి అంతా చెప్పాను. చుక్కలు అంజమ్మ చల్లిందనీ, గీకించింది నేనేననీ, అబద్ధమాడాననీ.

“అయ్యో, అప్పుడే చెప్పొచ్చు కదమ్మా? నాకేం తెలుసు అవి కావాలని? సరే, వదిలెయ్. ఆవిణ్ని ఇంకో ఆఫీసులో వేస్తార్లే,” అన్నారు. చెడ్డగా అనలేదు. పని మధ్యలో అన్నారు.

వెంకటరమణ దగ్గరికి వెళ్ళాను. “ఆమె పేరు తీసేసినం మేడం. కొత్తామె జాయినైంది. మీ మీదికేం రాదు, మీరు ఫికర్ జేయకుండ్రి.”

“నా మీదికి రావాలె సార్. తప్పు నాది,” అన్నాను. అతను విచిత్రంగా చూశాడు. ఏజెన్సీకి మెయిల్ రాశాను, అంతా వివరంగా. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

అంజమ్మ రిజిస్టరులో ఇచ్చిన నంబరు పక్కింటి వాళ్ళదట. చేస్తే పనిచేయడం లేదు. ఆదివారం నార్సింగి వెళ్ళాను. రేకుల గదులని ఒకసారి చెప్పింది, అంతే. అక్కడ రేకుల గదులు మూడు చోట్ల ఉన్నాయి.

“ఏ అంజమ్మ?” అంది నీళ్ళు పట్టుకుంటున్న ఒకామె. “గీడ నలుగురున్నరు. ఇంటిపేరేంది? ఏ ఊరోళ్ళు?”

నాకు తెలియదు. మా నాయన ఏం పని చేస్తాడో, మా చెల్లి ఏ క్లాసో, నాకు ఏ కూర ఇష్టమో ఆమెకు తెలుసు. ఆమె ఊరేదో నేను ఎన్నడూ అడగలేదు. ఆ నలుగురినీ చూసి వచ్చాను. ఒక్కరూ ఆమె కాదు.

నెలాఖరుకు నా ఉద్యోగం ఖాయమైందని కాగితం వచ్చింది. మా నాయన ఫోనులో ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు, సంతోషానికి. ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు కూడా ఏడింటికే వెళ్తాను. డబ్బా మూత సంచిలోనే ఉంటుంది. కొత్తామె పేరు, ఊరు, ఇంటిపేరు మొదటి రోజే అడిగాను. ఆమెకు భయమేసింది, ఫిర్యాదు చేస్తానేమోనని.

రాయిని తాకింది నేను. ఆలస్యంగా చెయ్యెత్తాను. అప్పటికి ఆట ముగిసింది.

ఇది చదివేవాళ్ళు నా పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆమెది గుర్తుపెట్టుకోండి. అంజమ్మ. యాభైకి దగ్గరి వయసు, కుడి మోకాలు కాస్త ఈడుస్తుంది, వెనక్కి నడుస్తూ నేల తుడుస్తుంది. మీ ఆఫీసులోనో, మీ అపార్టుమెంటులోనో కనిపిస్తే ఒకసారి కూర్చోమనండి. ఆ రోజు చుక్కలు ఆమె చల్లింది. చాలా బాగా చల్లింది.