పైకప్పుకి అంటిన క్షమాపణ

ఆమె కాలేజీ ఆఫీసులో టైపిస్టు. పొద్దున తాళం తీయగానే మొదట తలెత్తి పైకి చూస్తుంది. ముందురోజు ప్రింటు తీసిన మెయిళ్ళు ఎన్ని పైకప్పుకి అంటుకున్నాయో చూసుకుని అటెండర్ని కేకేస్తుంది. ఆ పెద్దాయన బూజుకర్ర తెచ్చి ఒక్కోటీ కిందికి లాగుతాడు.

"సెలవు కావాలిట చెల్లెమ్మా. నానమ్మ పోయిందిట. ఈ కుర్రాడికి ఈమె నాలుగో నానమ్మ."

"వాళ్ళ తాత అదృష్టవంతుడు. ఫైల్లో పెట్టన్నా."

ఆ కాలేజీలో మెయిలు ప్రింటు తీస్తే అంతే. నిజమైతే కాగితం బల్లమీద బుద్ధిగా కూర్చుంటుంది. అబద్ధమైతే లేస్తుంది. ఎవరు టైపు చేశారన్నది దానికి పట్టదు, మాటే చూస్తుంది. చేత్తో రాసినవాటికి మాత్రం ఆ గుణం లేదు. కాలేజీ పెట్టినప్పటినుంచీ ఇదే వరస. అందుకే ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను బిగించలేదు.

దీనికో కిటుకుంది. అబద్ధానికి నిజాల బరువు కట్టాలి. "జ్వరం వచ్చింది" అని ఊరికే రాస్తే ఎగిరిపోతుంది. దాని చుట్టూ రోల్ నంబరూ, తండ్రి పేరూ, ఆ రోజు వారమూ చేరిస్తే కాగితం కదలదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రిన్సిపాళ్ళ పేరుమీద వెళ్ళే వార్షిక నివేదికలన్నిటినీ ఆమె అలాగే కూర్చోబెట్టింది.

గోడమీది ఈమెయిలు నియమాలు కూడా ఆమె టైపు చేసినవే. ఒకరి అకౌంటు ఇంకొకరు వాడకూడదన్నది మూడోది. అనుమతి లేకుండా కాలేజీ మొత్తానికి మెయిలు పంపకూడదన్నది ఐదోది. లేనిపోనిది రాసి భయపెడితే పేరు కొట్టేస్తారన్నది తొమ్మిదోది.

ఐదూ తొమ్మిదీ కలిసి ఇప్పుడు ఆమె కూతురి మెడకే చుట్టుకున్నాయి.

కూతురిది అక్కడే కెమిస్ట్రీ చివరి సంవత్సరం. "ల్యాబులో రెండో బల్ల దగ్గర గ్యాసు కుళాయి కారుతోంది. అక్కడ బర్నరు వెలిగించకండి" అని సోమవారం కాలేజీ అంతటికీ మెయిలు పెట్టింది. సెలవుల్లోనే బాగుచేయించానని ల్యాబు ఇన్‌చార్జి చేత్తో రాసిచ్చాడు. ఆయన ఏదైనా చేత్తోనే రాస్తాడు, దస్తూరీ బాగుంటుందని. నియమం తప్పిన మెయిలుని ప్రింటు తీయకుండా చెరిపేయాలి కాబట్టి పిల్ల మెయిలు గంటలో చెరిగిపోయింది. గురువారం పదకొండింటికల్లా క్షమాపణ మెయిలు పంపితే వదిలేస్తామన్నారు. లేదంటే పేరు కొట్టేస్తారు. సోమవారమే మూసేసిన పిల్ల అకౌంటుని అందుకోసం గురువారం పొద్దున అరగంట తెరిచారు.

"రాయను," అంది కూతురు, ఆఫీసు కిటికీ అవతల నిలబడి.

"రెండు ముక్కలే."

"అందులో ఒక ముక్క, కారట్లేదని. కారుతోంది కదా."

"కాలేజీ మొత్తంలో నీకొక్కదానికే ముక్కుందా?"

"ఇన్‌చార్జి సార్ ముక్కు ఏడాదంతా జలుబులోనే ఉంటుందమ్మా."

"ఒడ్డు కనబడుతుంటే పడవ తన్నుకుంటావా?"

"మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర అగ్గిపుల్ల గీసేది మా బ్యాచే." కూతురు సంచీ భుజాన వేసుకుంది. "నువ్వొక్కసారైనా నిజమా అని అడగలేదు."

అడగలేదు. తల్లి గడియారం చూసింది. పదీ నలభై.

కూతురి పాస్‌వర్డు ఆమెకి తెలుసు, చిన్నప్పుడు పెంచిన పిల్లి పేరు. ముందు బరువులు కట్టింది. పేరు, రోల్ నంబరు, క్లాసు. మా అమ్మ ఈ ఆఫీసులోనే పనిచేస్తుంది. ఈరోజు గురువారం. పొద్దున వాన పడింది. అడక్కుండా అందరికీ మెయిలు పంపడం తప్పే. అన్నీ నిజాలే. వాటి నడుమ దూర్చింది: "రెండో బల్ల కుళాయి బాగానే ఉంది. నేను రాసింది అబద్ధం." కింద ఇంకో ఐదు నిజాలు. పంతొమ్మిదేళ్ళు ఆరితేరిన చెయ్యి, ఒక్క అక్షరమూ తప్పు పడలేదు.

మెయిలు పంపి, ఇన్‌చార్జీ అటెండరూ ఎదురుచూస్తున్న ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. అక్కడి ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. ఆమె తీసి బల్లమీద పెట్టింది. కాగితం బుద్ధిగా కూర్చుంది.

"మంచిది, ఫైల్లో పెట్టండి," అన్నాడు ప్రిన్సిపాల్. ఇన్‌చార్జి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

కాగితం ఒక మూల లేచింది. ఆమె గాజు పేపర్‌వెయిట్ దానిమీద పెట్టింది. రెండో మూల లేచింది. చూస్తుండగానే కాగితం పేపర్‌వెయిట్‌ని నెత్తిన పెట్టుకుని తాపీగా పైకెళ్ళింది. గాజు పైకప్పుకి తగిలి టక్కుమంది. ఇన్ని నిజాలు కట్టినా ఆగనంత అబద్ధం పంతొమ్మిదేళ్ళలో ఆమె చేతికి రాలేదు.

అలవాటు కొద్దీ అటెండరు బూజుకర్ర కోసం కదిలాడు.

"ఉండు," అన్నాడు ప్రిన్సిపాల్. ఇన్‌చార్జి వైపు తిరిగాడు. "కుళాయి బాగుచేయించానన్నారే, అదే ముక్క మెయిల్లో పంపండి."

"చేత్తో రాసిచ్చానుగా సార్."

"మెయిల్లో."

ఇన్‌చార్జి తన బూట్లు చూసుకున్నాడు. ప్రిన్సిపాల్ అటెండర్ని ల్యాబుకి తాళం వేయమన్నాడు.

పన్నెండింటికి మెకానిక్కు వచ్చాడు. కిటికీలన్నీ తెరిపించి, రెండో బల్ల కుళాయికి సబ్బునీళ్ళు పూశాడు. నిమ్మకాయంత బుడగ ఉబ్బి పగిలింది. వెంటనే ఇంకోటి ఉబ్బింది. గుమ్మంలోంచి చూస్తున్న ఆమె రెండడుగులు లోపలికి వేసి, ఆ బల్ల ముందున్న స్టూలు పక్కకి లాగింది. దాని మీద బ్లేడుతో చెక్కి ఉంది కూతురి రోల్ నంబరు.

అక్కణ్ణుంచి తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"క్షమాపణ మా అమ్మాయి రాయలేదు సార్. నేను రాశాను."

"మూడో నియమం టైపు చేసిందెవరు?"

"నేనే."

"సంజాయిషీ పంపండి. మెయిల్లో."

ఐదో నియమం తప్పినందుకు కూతురి అకౌంటు ఇంకో వారం రోజులు మూశారు. పేరు జోలికి ఎవరూ పోలేదు. సాయంత్రం కూతురు ఆఫీసుకి వచ్చేసరికి తల్లి ప్రిన్సిపాల్ గదిలో ప్రింటరు ముందు నిలబడి ఉంది. అటెండరు ట్రేలోంచి కాగితం లాగబోయి నడుం పట్టుకున్నాడు.

"నా వల్ల కాదు చెల్లెమ్మా. ఇంకెవరైనా ఓ చెయ్యి వెయ్యాలి."

కూతురు సంచీ కింద పెట్టి ఒక కొస పట్టుకుంది. తల్లి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎత్తి బల్లమీద దించారు. బల్ల కిర్రుమంది.

"ఇంత బరువు! ఏం రాశావమ్మా?"

"రెండు ముక్కలే," అంది తల్లి. "చదువు."