దిద్దని తప్పు

మా మేనత్తకు కార్ఖానాలో పనివాళ్ళు పెట్టిన పేరు దిద్దుబాటమ్మ. తప్పు లెక్క చెవిన పడితే ఆవిడకు అన్నం సహించదు. తన ఆపరేషన్ కుట్లు తొమ్మిదని డాక్టరు రాస్తే, పది అని వాదించి ఆయన చేతనే కాగితం మార్పించింది.

అలాంటి అత్తతో పని మీద పరాయి ఊరు వెళ్ళాను. మేం టెలిస్కోపులకు మందపాటి గాజు బిళ్ళలు పోస్తాం. పోయడం చాలామందికి వచ్చు. పగలకుండా చల్లార్చడం మాత్రం అత్తకే వచ్చు. బట్టీలో ఎన్ని రోజులుంచాలి, ఏ గంటకు ఎంత వేడి తగ్గించాలి అన్నది ఆవిడ ముప్ఫై ఏళ్ళ కష్టం. అది బయటికి పొక్కితే పెద్ద కంపెనీలు మా ఆర్డర్లు ఎగరేసుకుపోతాయి, నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు. అందుకే లెక్కలున్న లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి ఖాళీది తెచ్చుకున్నాం.

"అది సరే, నీ నోటికి తాళమెక్కడరా?" అంది అత్త రైల్లో. నాకు నవ్వొచ్చింది. నోరు ఆపుకోలేనిది ఎవరో కార్ఖానా అంతటికీ తెలుసు.

మర్నాడు పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తుంటే, బూడిదరంగు కోటాయన వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. గాజు వ్యాపారినన్నాడు. మేమెవరో, ఎవరిని కలవబోతున్నామో మేం చెప్పకుండానే ఆయనకు తెలుసు. కాసేపు వానల గురించి మాట్లాడి, నవ్వుతూ అన్నాడు:

"మీరు ఒక్కరోజులో చల్లార్చేస్తారటగా? అందుకే సగం పగిలిపోతాయని విన్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఒక్కరోజేమిటి, సగమేమిటి! అసలు లెక్క నాలుక చివరిదాకా వచ్చేసింది. బల్ల కింద అత్త చెప్పు నా కాలివేళ్ళను నలిపేసింది.

"అవునండీ, ఒక్కరోజే," అంది అత్త. "సగం పగులుతాయి. ఏం చేస్తాం, మాకు అంతకన్నా చేతకాదు."

ఆయన ఇంకో రెండు తప్పులు విసిరాడు. ఆవిడ రెండిటికీ తలూపి, "మీకు బాగా తెలుసండీ" అని కాఫీ తాగింది. చివరికి ఆయనే విసుగెత్తి లేచిపోయాడు.

గదికి వెళ్తే, నేను సగమే వేసిన సంచి జిప్పు పూర్తిగా వేసి ఉంది. మేం కింద ఉండగా ఎవరో వెతికారు. అత్త మాట్లాడొద్దని సైగ చేసి, నన్ను వీధిలోకి లాక్కెళ్ళింది.

"కావాలనే తప్పు చెప్పాడురా. మనలాంటివాళ్ళం దిద్దకుండా ఉండలేమని వాడికి తెలుసు," అంది. ముప్ఫై ఏళ్ళ పరువును ఒక కప్పు కాఫీతో కలిపి మింగేసిన మనిషి! నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇన్నాళ్ళూ నేను ఎగతాళి చేసింది ఈవిడనేనా?

ఆర్డరు ఖాయం చేసుకుని తిరిగొచ్చాం. అత్త ఇంటికైనా వెళ్ళకుండా నేరుగా కార్ఖానాకు నడిచింది. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. బట్టీలో కొత్త బిళ్ళ మెల్లగా చల్లారుతోంది. ఆవిడ దాని ఇటుక గోడ మీద అరచెయ్యి ఆనించింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నిన్ను నలుగురిలో అన్ని మాటలన్నాను. ఏమీ అనుకోకు," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సగం కాదు. రెండొందల పదమూడిట్లో రెండే."