కుండగది గడప

చాప మీద ఆరబోసిన అన్నాన్ని వేళ్ళతో విడదీస్తుంటే మా అత్త పోలమ్మ “ఇంక సాల్లే సిలకమ్మా, లెగు” అంది. లేచాను. నీళ్ళు మోసిందీ, బియ్యం ఏరిందీ, వండిందీ, విసనకర్రతో చల్లార్చిందీ నేను. ఆ అన్నాన్ని కుండకెత్తి, పులియబెట్టే మందుబిళ్ళ కలిపే వేళకి మాత్రం నేను కుండగది గడప ఇవతల ఉండాలి. నెలనెలా బయట చేరే ఆడదాని గాలి సోకితే సారా కుండ పాడైపోతుందట.

ఏటా వేసవిలో ఇక్కడ బెంగాల్లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళు చేసే అమ్మవారి పండక్కి మొదటి కుండ మా ఇంటి నుంచే వెళ్తుంది. మా ఆయన ముత్తాత రైలు పనికి విజయనగరం వైపు నుంచి వచ్చినప్పుడు బిళ్ళల మూట నడుముకి కట్టుకొచ్చాడట. పాత బిళ్ళ పొడి చల్లి కొత్త బిళ్ళ చేస్తారట, అలా తరాలుగా తెగకుండా వస్తోందట. వర్క్‌షాపులో ఫిట్టర్ అయిన మా ఆయన నూకరాజు ఈ కథ కొత్తవాళ్ళు ఎవరొచ్చినా చెప్తాడు. కథలో అందరూ మగవాళ్ళే. అన్నం ఎవరు వండారో ఎప్పుడూ చెప్పలేదు.

చైనా యుద్ధం అయిన మరుసటి వేసవిలో పండక్కి పెట్టిన కుండ పాడైంది. గడప తొక్కావా అన్నాడాయన. తొక్కలేదన్నాను. తొక్కకపోతే తొంగి చూసుంటావన్నాడు. అత్త కూడా నన్నే తిట్టింది. ఇంకో కుండ పెట్టాలి, ఈసారి ఇంకా పెద్దమనిషి కాని పిల్ల కాపలా ఉండాలి అని తేల్చేశాడు.

“గంగని బడి మానిపించీ. అచ్చరాలొచ్చినాయి కదా, సాలు.”

మా గంగాభవానికి తొమ్మిదేళ్ళు. ఈ ఒక్క కుండతో ఆగుతుందా? ఏటేటా కాపలా కూర్చోబెడతారు, ఈడేరాక ఎలాగూ బడికి పంపరు.

నాకు అనుమానమెక్కువని మా ఆయన పదిమందిలోనూ అంటాడు. నిజమే. ఎవరూ ఏదీ చెప్పని ఇంట్లో అనుమానపడకుండా ఏం తెలుస్తుంది? బిళ్ళలు ఇంట్లోనే చేస్తారంటారు. ఈ ఇంట్లో పిండి దంచేది నేనే కదా, బిళ్ళలకని ఎన్నడూ దంచలేదే? తమలపాకులు మా లైను చివరే దొరుకుతుంటే, కుండ పెట్టే ముందు అత్త వాటికోసం అంత దూరం ఇందా బజారు దాకా ఎందుకు వెళ్తుంది?

ఆ ఆదివారం ఆమె వెనకే వెళ్ళాను. ఇందా బజార్లో కూరగాయల వరస దాటి, గోనె పరుచుకు కూర్చున్న ఒక సంతాలీ తెగ ముసలామె ముందు అత్త ఆగింది. దీదీ, ఈసారైనా మంచివి ఇయ్యమని వచ్చీరాని బెంగాలీలో బతిమాలింది. పోయినసారివి గాలివానకి చెమ్మెక్కాయని ముసలామె ఒప్పుకుని, కొత్త మందుబిళ్ళలు ఆకులో చుట్టి ఇచ్చింది.

అత్త వెనక్కి తిరిగి నన్ను చూసింది. వెక్కిరిద్దామనే అనుకున్నాను. ఆమె గబుక్కున ఆకు పొట్లాన్ని కొంగు కింద దాచుకోవడం చూశాక మనసు రాలేదు.

“మీ మావ పోయీదాకా ఆయనకీ తెల్దు” అంది. “నాను కాపరానికొచ్చిన యేడే పాత బిళ్ళలు పురుగట్టి పోనాయి. సెప్తే నన్ను మా ఊరు తోలేద్దురు. ఎవల్తోనీ అనకే.”

అంటే కుండ నా వల్ల పాడవలేదని ఆమెకి తెలుసు. తెలిసే తిట్టింది. జాలీ కోపమూ కలిసి వచ్చాయి, ఇంటికి చేరినా రెండూ తగ్గలేదు.

మర్నాడు కొత్త కుండ పెట్టే రోజు. గంగ బడికి సంచీ తీస్తే ఆయన లాక్కుని కొక్కేనికి తగిలించాడు. నేను అన్నం చాప మీద ఆరబోస్తూ, తల ఎత్తకుండానే అన్నాను.

“అత్తా, వచ్చీపాలి ఇందా బజారుకి తమలపాకులకి నానే ఎల్తాను. నీ కొడుకుని కూడా తోడు తీసుకెల్తాను.”

“ఆకులకి నానెందుకే?” అన్నాడాయన.

అత్త నన్నోసారి చూసి, కొడుకు వైపు తిరిగింది.

“ఒరే, సంచీ పిల్లకిచ్చీ. బడికెల్తాది. కుండ కాడ సిలకమ్మే కూకుంటాది.”

ఆయన నోరు తెరిచేలోగా అన్నం గంప ఎత్తుకుని గడప దాటాను.

ఆ కుండ ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. పండగ పందిట్లో మా ఆయన తన ముత్తాత చేతి మహిమ అందరికీ చెప్పాడు. కుండ పెట్టిన పొద్దునే నేను బయట చేరానని మాత్రం నేనెవరికీ చెప్పలేదు.