పల్లాలరావుకు రెండుసార్లు ఊపిరి పోశాను

నేను ఒక ఊపిరి సంచిని. కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని చూసే ఉంటారు. నాదీ ఆ వంశమే అనుకోండి. అది నిప్పుకు గాలి ఊదుతుంది, నేను మనిషికి ఊదుతాను. ఆసుపత్రిలో నన్ను అంబు బ్యాగు అంటారు. మెత్తటి గుండ్రటి ఒళ్ళు, ముక్కునూ నోటినీ కలిపి కప్పే మాస్కు, లోపలికి వెళ్ళిన గాలిని వెనక్కి రానివ్వని చిన్న కవాటం. నా ఆస్తి అంతే. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో అచ్చులోంచి నన్ను తీసిన అమ్మాయి ఒకసారి నొక్కి, గాలి సరిగ్గా వస్తోందో లేదో చెంప దగ్గర పెట్టి చూసుకుంది. నేను వదిలిన మొదటి ఊపిరి ఆ చెంపకే తగిలింది.

అక్కణ్ణుంచి కోనసీమలో ఒక సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీకి వచ్చి, మూడో మంచం పక్కన కొక్కేనికి వేలాడాను. ఎన్ని చేతులు నొక్కాయో నన్ను! భయపడ్డ చేతులు గబగబా నొక్కేస్తాయి. స్టాఫ్ నర్సు సువార్తమ్మ చేయి మాత్రం వేరు. ఆవిడ తన ఊపిరి తాను నిదానంగా పీల్చుకుంటూ, దాని వెంటే నన్ను నొక్కేది.

ఒకనాడు పొద్దున్న పదింటికి ఇద్దరు దింపు కూలీలు తమతోపాటు కొబ్బరిచెట్లెక్కే మనిషిని ఆటోలో తెచ్చి పడుకోబెట్టారు. పేరు గుబ్బల పల్లాలరావు, నలభై ఆరేళ్ళు. నొప్పి బిళ్ళలూ నిద్ర బిళ్ళలూ కలిపి మింగేశాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి ఎప్పుడో ఒకటి, అదీ దయతలచినట్టు వస్తోంది. విరుగుడు ఇంజెక్షను పనిచేసేదాకా అతని బదులు నేనే ఊపిరి తీశాను. చివరికి అతను దగ్గి, కళ్ళు తెరిచి, "అబ్బా, నడుం" అన్నాడు. బతికొచ్చిన మనిషి మొదటి మాట అది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడో రోజు ఇంటికి పంపుతూ కాగితం మీద "మందులు జాగ్రత్తగా వాడవలెను" అని రాశారు. ఎవరు జాగ్రత్తపడాలో మాత్రం రాయలేదు. మనుషులు చాలా తెలివైనవాళ్ళు. గుండె కొట్టుకుంటే చాలు, మనిషి బాగుపడ్డాడనుకుంటారు.

నలభై రోజులు తిరక్కుండానే స్ట్రెచరు మీద మళ్ళీ ఒకరిని తెచ్చారు. సువార్తమ్మ ముందు మొహం చూడలేదు, పాదాలు చూసింది. చెట్టెక్కీ ఎక్కీ కాయలు కాచిన పాదాలు. "అయ్యో, ఈ కాళ్ళు నాకు తెలుసు" అంది.

ఈసారి గంట పట్టింది. ఆవిడ వేళ్ళు వాచిపోయినా నన్ను ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అతను స్పృహలోకి వచ్చి నాలుగు గుక్కల నీళ్ళు తాగాక, ఆవిడ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"పల్లాలరావూ, ఒక మాట అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పు. చచ్చిపోదామనే మింగావా?"

అతను పైకప్పు కేసి చూస్తూ అన్నాడు: "సావాలని కాదండి సిస్టరమ్మా. నిద్దరోదారని. తెల్లారి లెగిత్తే లెగుత్తాను, లేపోతే లేదనుకున్నానండి."

అడిగేవాళ్ళు దొరకగానే మాటలు కట్ట తెగి వచ్చాయి. మూడేళ్ళ కింద చెట్టు మీంచి పడ్డాడు. నడుం మళ్ళీ నిలవలేదు. నిరుడు భార్య సత్యవేణి కామెర్లతో పోయింది. పిల్లల్లేరు. టౌనులో ఒక డాక్టరు నొప్పికి రాస్తాడు, ఊళ్ళో ఆరెంపీ ఇంకో నొప్పి బిళ్ళ ఇస్తాడు, నిద్రకు మూడో ఆయన రాస్తాడు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు.

"ఆళ్ళడగలేదండి, నేను సెప్పలేదండి."

"మొన్న ఇక్కణ్ణుంచి వెళ్ళాక?"

"బిస్కెట్ల డబ్బాలో బిళ్ళలు ఎక్కడియి అక్కడే ఉన్నాయండి."

సువార్తమ్మ స్టూలు వెనక్కి నెట్టి లేచింది. డ్యూటీ డాక్టరు దగ్గరికి నేరుగా వెళ్ళింది. ఆయన అప్పటికే ఇంటికి పంపే కాగితం రాస్తున్నాడు.

"సార్, ఇతను నలభై రోజుల కింద వచ్చినవాడే. ఒంటరివాడు. నొప్పి తగ్గలేదు, నిద్ర లేదు, ఇంట్లో డబ్బా నిండా మందులున్నాయి. ఇలాగే పంపితే మూడోసారి ఆటో ఇక్కడిదాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు."

డాక్టరు కలం కింద పెట్టాడు. పై అంతస్తులోని మానసిక వైద్యురాలికి ఫోన్ చేశాడు.

పల్లాలరావు అక్క మంగాయమ్మ పక్క ఊళ్ళో ఉంటుంది. మొదటిసారి సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. వస్తూనే తమ్ముడి భుజం మీద ఒకటి చరిచి, ఆ భుజం మీదే తల ఆన్చి ఏడ్చింది. "నాకు కబురెట్టడానికి నోరు రాలేదేట్రా నీకు?" ఆ మధ్యాహ్నమే వెళ్ళి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరు మూత తీసి, బిళ్ళలన్నీ బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టాడు. ఆ రోజు నుంచి మందులు రాసేది ఒక్కరే అని తేల్చారు. ఒకేసారి వారానికి మించి ఇవ్వరు, ఇచ్చినవి అక్క దగ్గరే ఉంటాయి. నడుముకు వ్యాయామాలు నేర్పారు. అతను కూడా అక్క ఇంటికే మారాడు. సువార్తమ్మ గురువారం గురువారం ఫోన్ చేసేది. "తిన్నావా? నడిచావా? మనసెలా ఉంది?" మూడే ప్రశ్నలు.

ఏడో గురువారం ఫోన్ ఎత్తలేదు. మంగాయమ్మకు చేస్తే, పొద్దున్నే చెప్పకుండా బయటికి వెళ్ళాడంది. సువార్తమ్మ వచ్చి నా మాస్కు సరిచూసి, ఆక్సిజన్ గొట్టం బిగించి, గుమ్మం కేసి చూస్తూ నిలబడింది.

పదకొండింటికి పల్లాలరావు తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడు. ఒళ్ళంతా చెమట.

"మందుల షాపు దాకా ఎల్లిపోయానండి. చెయ్యి కూడా సాపానండి. మళ్ళీ ఎందుకో బస్సెక్కి మీకాడికి వచ్చేశాను."

"మంచి పని చేశావు నాయనా" అంది ఆవిడ. మూడో మంచం మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, పైనుంచి వైద్యురాలిని పిలిపించింది. అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నేను అతని తలపైనే వేలాడుతున్నాను. ఆ రోజు నాతో పని పడలేదు. నా బతుకులో అంతకన్నా మంచి రోజు నాకు గుర్తులేదు.

మరుసటి ఏడు నా కవాటం బిరుసెక్కింది. మనుషుల ఊపిరికి పనికిరానని తేల్చి నన్ను నర్సింగు స్కూలుకు ఇచ్చేశారు. ఇక్కడ ఒక రబ్బరు బొమ్మకు ఊపిరి పోస్తుంటాను. అది ఎన్నటికీ లేవదు, అయినా ఆడపిల్లలు శ్రద్ధగా నొక్కుతారు.

మొన్న సువార్తమ్మ పల్లాలరావును ఇక్కడి క్లాసుకు తీసుకొచ్చింది. అతను నన్ను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, చూడవలసిన సమయాల్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు కదా! చేతిలోకి తీసుకుని ఒకసారి నొక్కి, గాలిని అరచేతికి తగలనిచ్చాడు.

"ఇదేనాండి? ఇంత మెత్తగా ఉందేటి!"

ముందు బల్లలో కూర్చున్న కెజియా అనే అమ్మాయి లేచింది. "బాబాయ్ గారూ, మీలాంటివాళ్ళు వస్తే మేము ముందు ఏం అడగాలి?"

అతను నన్ను ఇంకోసారి మెల్లగా నొక్కాడు.

"ఎందుకు మింగావన్నది తరవాత అడగండమ్మా. ముందు, ఇంటికెల్తే తలుపెవరు తీత్తారో అడగండి."

కెజియా ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది. వరండాలోంచి మంగాయమ్మ గొంతు వినిపించింది. "ఒరే, అయ్యిందా? బస్సెల్లిపోద్ది!"

పల్లాలరావు నన్ను కండువాతో తుడిచి, బొమ్మ పక్కన పడుకోబెట్టాడు. "వత్తన్నానప్పా" అంటూ నడుం పట్టుకుని, మెల్లగా, వెళ్ళిపోయాడు.