కొమ్ము మరచిన గుండు

టైలరుకి బ్లాగెందుకని అందరూ నవ్వారు. కుట్టుకునేవాడు కుట్టుకోక ఈ రాతలేమిటని భార్య కూడా మూతి విరిచింది. ఆయన మాత్రం మధ్యాహ్నం షాపులో బేరాలు పలచబడగానే మిషనుకి ఫోను ఆనించుకుని, కాలరు కత్తిరించడం దగ్గర్నుంచి గుండీలు కుట్టడం దాకా వారానికొక వ్యాసం రాసేవాడు. రాసేది లోకం కోసం కాదు, ఒకే ఒక్క మనిషి కోసం.

ఆ మనిషి ఆయన అన్నయ్య. పని నేర్పిందీ ఆయనే. గుండీ దూరే కాజాలు కుట్టడానికి మిషను కొందామని తమ్ముడూ, చేత్తో కుట్టనిది కాజాయే కాదని అన్నయ్యా పట్టుబట్టారు. మాటా మాటా పెరిగి, ఎనిమిదేళ్ల కిందట అన్నయ్య షాపు వదిలి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఫోను చేస్తే ఎత్తడు. రోజంతా ఫోనులో ఏదో ఒకటి చదువుతూనే ఉంటాడని మాత్రం వదిన చెప్పింది. ఏనాటికైనా తన రాత ఆయన కంట పడకపోతుందా, ఒక్క ముక్క రాయకపోతాడా అని తమ్ముడి ఆశ.

కామెంట్లు వచ్చాయి. ఫోను టింగుమన్నప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాడు. తీరా చూస్తే, మీ వ్యాసం అద్భుతం, గుండు మీద ముప్పై రోజుల్లో జుట్టు అంటూ ఎవరో నూనె అమ్మేవాళ్లు. మర్యాదస్తుడు కనుక మొదట్లో ప్రతిదానికీ జవాబిచ్చాడు: అడిగినందుకు సంతోషం, నా జుట్టు బాగానే ఉంది, మీరు క్షేమమా. క్షేమం అడిగేసరికి నూనెవాళ్లు చుట్టపక్కాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. రోజుకు నలభై. ఆ పరుగుల్లో ఒకసారి ఎవరిదో చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా కత్తిరించేశాడు.

ఇక లాభం లేదని కూతురు రంగంలోకి దిగింది. ఫలానా మాట ఉన్న కామెంటు రాగానే ఆపేసే ఏర్పాటు బ్లాగులోనే ఉంది. అందులో "గుండు" అని కొట్టబోయి, ఆఫీసుకు వేళవుతోందన్న హడావుడిలో కొమ్ము మరచి "గుండ" అని కొట్టి వెళ్లిపోయింది.

నూనె ఆగిపోయింది. దాంతోపాటు సర్వం ఆగిపోయింది. మూడు నెలలు ఫోను కిక్కురుమనలేదు. మొదటి వారం ప్రాణానికి హాయిగా ఉన్నా, తర్వాత ఆ నిశ్శబ్దమే ఆయన్ని పీక్కుతింది. నూనెవాళ్లే నయం, కనీసం అద్భుతం అనేవారు. అన్నయ్య చదవడం లేదు, ఇక చదవడు కూడా. ఒక ఆదివారం పొద్దున కూతుర్ని పిలిచి ఆ బ్లాగు మూసెయ్యమన్నాడు. గొంతు మామూలుగానే ఉంది కానీ, కూతురి మొహంలోకి చూడలేకపోయాడు.

మూసేముందు, ఆపేసిన కామెంట్లు తెరిచి చూసి కూతురు నాలుక కరుచుకుంది. తను కొట్టిన ముక్కకి గుండు ఒక్కటే ఆగలేదు, ఆ అక్షరాలతో మొదలయ్యే ప్రతి మాటా ఆగింది. గుండీ ఆగింది, గుండుసూది ఆగింది, ఆఖరికి గుండె కూడా ఆగింది. టైలరు బ్లాగులో ఇవి లేకుండా ఎవరు మాత్రం ఏం రాస్తారు? నూనెవాళ్ల మధ్య ఇరుక్కుని "పెద్ద కత్తెర" పేరుతో పదమూడు కామెంట్లున్నాయి. షాపులో అన్నయ్యను అందరూ పిలిచిన పేరు అది.

గుండీకి నాలుగు చుట్లు చాలవు, ఆరు వెయ్యాలి, నీకెవడు నేర్పాడని మొదటిది. గుండుసూది అలా గుచ్చితే బట్ట పాడవుతుందని రెండోది. ఇలా వ్యాసానికొక తప్పు చొప్పున పన్నెండు. పదమూడోదానికి వచ్చేసరికి స్వరం మారింది. కూతురు పైకి చదివింది.

"నీది గుండెనా, బండరాయా? పన్నెండు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఇక రాయనులే."

టైలరు అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. అన్నయ్య మొదటి రింగుకే ఎత్తాడు. తమ్ముడు కొమ్ము కథంతా చెప్పుకొచ్చాడు. అన్నయ్య సాంతం విని, కొమ్ము సంగతి సరే, పాతికేళ్లు పని చేసినవాడివి, పన్నెండు వ్యాసాల్లో పన్నెండు తప్పులేమిటని దులపడం మొదలుపెట్టాడు.

"కావాలనే రాశానన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "తప్పు కనిపిస్తే నువ్వు ఊరుకోలేవని."

అన్నయ్య దులపడం ఆపేశాడు. "పన్నెండూనా?" అని అడిగాడు.

"పదకొండే. ఒకటి మాత్రం నాకు నిజంగానే తెలీదు. అది నేర్పకుండానే వెళ్లిపోయావు."