కొసరుకి ఒక మధ్యాహ్నం

కొత్తిమీర అయిపోయింది కాబట్టి, కేజీ వంకాయలకి కొసరుగా పైడమ్మ నాకు ఒక మధ్యాహ్నం ఇస్తుంది.

అడ్డాకులో చుట్టి ఇస్తుంది. చూడటానికి సొరకాయంత ఉంటుంది, బరువు మాత్రం బీరకాయంత. ఆకు సందులోంచి కొంచెం ఎండ కారి నా చెప్పు మీద పడుతుంది. లోపల ఎక్కడో ఒక కాకి అరుస్తోంది.

"తాజాదేనా?" అని అడుగుతాను.

"ఈ రోజుదే బాబూ. సొంత దొడ్లోది. మందు కొట్టనేదు," అంటుంది పైడమ్మ.

కొసరు అడగడం మా ఇంటావంటా ఉన్న విద్య. మా నాన్న పోస్టాఫీసులో కార్డు కొన్నా కొసరుకి కాస్త జిగురు తెచ్చుకునేవాడు. నేను విజయనగరంలో నీటిపారుదల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పద్దెనిమిదేళ్ళుగా, రోజూ ఉదయం ఏడున్నరకి, మా అపార్టుమెంటు గేటు ముందు పైడమ్మ గంప దగ్గర గొంతుక్కూర్చుంటాను. వంకాయలు నలభై అంటే ముప్పై అంటాను. ముప్పై అయిదుకి బేరం తెగుతుంది. ఆ తర్వాత లేవను. కొత్తిమీర కట్టో, రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెమ్మో సంచీలో పడేదాకా నా మోకాళ్ళు పనిచెయ్యవు. డాక్టరుకి చూపించాను. కీళ్ళు బాగానే ఉన్నాయి, ఇది అలవాటు అన్నాడు. లేచి వచ్చేముందు కొసరుకి రెండు అజీర్తి మాత్రలు అడిగి తెచ్చుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ హైమావతి మధ్యాహ్నాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తొడిమ దగ్గర గోటితో నొక్కి చూస్తుంది.

"లేతగానే ఉందండీ. ఒక్కటే ఇచ్చిందా?"

"ఒక్కటే."

"మీకు అన్నిటికీ మొహమాటమే. నేనొచ్చి ఉంటే సాయంత్రం కూడా వేయించుకునేదాన్ని."

ఫ్రిజ్‌లో కింది అరలో, క్యారెట్ల పక్కన పెడుతుంది. తలుపు మూశాక కూడా లోపల వెలుతురు ఆరదు. రబ్బరు అంచుల్లోంచి సన్నగా, బంగారు జరీలా, కనిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజు రెండో శనివారం, ఆఫీసు లేదు. అన్నాలు తిని ఒక కునుకు తీసి లేచేసరికి మూడున్నర. టీ పెట్టుకునే వేళ. దానికి బదులు ఆకు విప్పుతాం. మళ్ళీ ఒంటిగంట అవుతుంది.

అది మా ఎండ కాదు. తాటాకు కప్పు సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగే ఎండ. మామిడి తాండ్ర ఆరబెట్టిన చాప వాసన. గోడలు మర్యాదగా వెనక్కి జరుగుతాయి. టీవీకి అవతల ఒక జీడితోట మొదలవుతుంది, దాని చివర సముద్రం ఉందో లేదో చెప్పలేనంత దూరం. ఎవరో ఎవరినో జోకొడుతున్న చప్పుడు. నేనూ హైమా సోఫాలో కూర్చుని చూస్తాం. పెళ్ళయిన ఇరవయ్యేడేళ్ళలో మేమిద్దరం పోట్లాడుకోకుండా నోరు మూసుకుని కూర్చున్న మొదటి మధ్యాహ్నం ఇదే.

"ఎంత విశాలంగా ఉందండీ," అంటుంది హైమ చాలాసేపటికి, గుడిలో మాట్లాడినంత మెల్లగా. "దీన్ని ముప్పై అయిదు రూపాయల వంకాయల మీద ఇచ్చేసిందా?"

"వంకాయల్లో రెండు పుచ్చులున్నాయి," అంటాను నేను.

ఇంకా పొద్దు మిగిలిపోతుంది. దాన్ని పారెయ్యబుద్ధి కాక, కొత్తగా పెట్టిన కాఫీ షాపుకి వెళ్తాం. రెండు కాఫీలు అయిదు వందల అరవై. బేరం ఆడను. ఆడితే ఏమనుకుంటారు? గాజు తలుపు దగ్గర ఒకమ్మాయి "హ్యావ్ ఎ నైస్ డే సర్" అంటుంది. నేను చెయ్యి చాచి నిలబడతాను. ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంటుంది. రోజు ఇవ్వదు. ఊరికే అంటుందట. హైమ నా చొక్కా పట్టుకుని బయటికి లాగుతుంది.

మర్నాడు మెట్ల దగ్గర జోగారావు మేస్టారు ఎదురవుతారు. రెండో అంతస్తు, లెక్కల మేస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన చేతిలో కూడా అడ్డాకు పొట్లం ఉంది, నాదానికంటే ఎర్రగా మెరుస్తోంది.

"సదాశివం గారూ, మీది ఎంతకి?"

"కేజీ వంకాయలకి ఒక మధ్యాహ్నం."

"అయ్యో," అంటారాయన, పొంగిపోతూ. "నాకు అరకేజీ బెండకాయలకే సాయంత్రం ఇచ్చిందండీ. అంచున వెన్నెల కూడా తగులుకుని ఉంది, చూశారా? తుడిచి వాడుకోవచ్చు."

ఆ పూట నాకు అన్నం సహించదు.

నెల తిరిగేసరికి పదహారు ఫ్లాట్లలోనూ ఫ్రిజ్‌లు వెలుగుతున్నాయి. మా అపార్టుమెంటులో గురువారం ఇంకా అవుతూనే ఉంటుంది. రోడ్డుకి అవతల శనివారం వచ్చేసింది. పాలవాడు గేటు దగ్గర నిలబడి ఏ రోజు పాకెట్టు వెయ్యాలో తెలియక తల గోక్కుంటాడు. కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య మేస్టారు ఒక లావుపాటి పురాణం పూర్తిచేస్తారు. అసోసియేషన్ మీటింగు చరిత్రలో మొదటిసారి సమయానికి మొదలవుతుంది, ఎందుకంటే ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఇంకా ఆరు కాదు.

ఒక ఉదయం ఏడున్నరకి సంచీ పట్టుకుని దిగుతాను. గేటు ముందు ఎండ కాస్తోంది. పైడమ్మ కూర్చున్నచోట, గంప చుట్టూ మూడడుగుల మేర మాత్రం, మునిమాపు. ఆమె నెత్తిమీద రెండు చుక్కలు పొడిచాయి. తక్కెడ ముల్లు కనిపించక సెల్‌ఫోను లైటు వేసుకుని తూస్తోంది.

"ఇదేంటి పైడమ్మా, నీకప్పుడే పొద్దుగూకిందా?"

"నాకేటుంది బాబూ. లేస్తాను, గంప ఎత్తుకుంటాను, ఇక్కడికొస్తాను. మీకు మద్దేనం ఇచ్చీసి, ఆ మేడమీద మేస్టారుబాబుకి సాయంత్రం ఇచ్చీసి, తల ఎత్తితే సీకటి."

"మరి అన్నం ఎప్పుడు తింటావు?"

"అన్నం తినే ఏల మీ ఫ్రిజ్జులోనే ఉంది గదా," అంటుంది, టమాటాల్లో మెత్తవి పక్కకి తీస్తూ.

నాకు బాధ కలుగుతుంది. పద్దెనిమిదేళ్ళ పరిచయం మరి. టమాటాలు ముప్పై అంటే ఆ బాధలోనే ఇరవై అయిదంటాను.

అప్పుడు చూస్తాను. గంప అడుగున, తడి గోనెపట్టా కింద, ఏదో ఊపిరి తీస్తున్నట్టు వెలుగుతోంది. నేను చూడటం పైడమ్మ చూస్తుంది. పట్టా సర్దుతుంది.

"అదేంటి?"

"అది ఇచ్చేది కాదు బాబూ. ఆదివారం."

"ఏ పూట?"

"మొత్తం. పొద్దు పొడిసిన కాడ్నించి పొద్దుగూకీదాకా. నాకాడ మిగిలింది అదొక్కటే." గొంతు తగ్గిస్తుంది. "మా పిల్ల రవణ మద్రాసులో బిల్డింగు పనికి ఎలిపోనాది గదా. అక్కడే బిడ్డ పుట్టింది, ఏడాది అవతంది. నాను సూడనేదు. ఈ ఆదివారం ఒక్కరోజే సెలవంట. పొద్దున్న రైలుకి దిగి సాయంత్రం రైలుకి ఎలిపోద్ది. అందుకని దాసుకున్నాను."

మంచిదే, దాచుకో అంటాను. రెండు పచ్చిమిరపకాయలు వేయించుకుని లేస్తాను.

ఇంటికొచ్చి హైమకి చెప్పడం నా పొరపాటు.

"పూర్తి ఆదివారమా?" గరిట పట్టుకునే బయటికి వస్తుంది. "ఏవండీ, ఆ రోజు మా తమ్ముడూ వాళ్ళూ వస్తున్నారు. ఏడుగురు. పొద్దున్న పూరీలు, మధ్యాహ్నం పులావు, సాయంత్రం పునుకులు. వాళ్ళు వెళ్ళాక ఇంకో ఆదివారం ఉంటే తప్ప నా నడుం నిలబడదు."

"వాళ్ళమ్మాయి వస్తోందిట హైమా. మనవణ్ణి చూసుకుంటుందిట."

"అడగడానికేం? ఇవ్వకపోతే ఇవ్వదు. అడగడం మన ధర్మం."

శనివారం ఉదయం పావుకేజీ పచ్చిమిరపకాయలు కొంటాను. పదిహేనుకి బేరం తెగుతుంది. లేవను. పైడమ్మ నా మోకాళ్ళ వంక చూస్తుంది. చుట్టూ ఉన్న మునిమాపు ఇవాళ ఇంకాస్త చిక్కబడింది. ఆమె మొహం నాకు సగమే కనిపిస్తోంది.

"అడక్కు బాబూ," అంటుంది.

నోటితో అడగను. నా చెయ్యి అప్పటికే చాచి ఉంది.

పైడమ్మ చాలాసేపు ఆ చెయ్యిని చూస్తుంది. తర్వాత గోనెపట్టా తీస్తుంది.

"ఇది కొసరు కాదు. సరుకు. సరుకైతే తూకానికి ఇస్తాను."

"కేజీ ఎంత?"

"డబ్బులొద్దు. దీనికి సరితూగేది ఏదో ఎయ్యండి. తూగితే ఒట్టుకెలిపోండి. నాను ఏటీ అనను."

తక్కెడ ఎత్తి ఒక పళ్ళెంలో ఆదివారాన్ని పెడుతుంది. పళ్ళెం వెళ్ళి నేలకి ఆనుతుంది. ఆనినచోట తారురోడ్డు చిన్నగా సొట్టపడుతుంది.

పైకి పరిగెత్తుకెళ్ళి ఫ్రిజ్‌లో ఉన్న నాలుగు మధ్యాహ్నాలూ తెచ్చి రెండో పళ్ళెంలో వేస్తాను. ముల్లు కదలదు.

"నాయి నాకే తూస్తావేటి బాబూ?" పైడమ్మ నవ్వుతుంది. నాకు తెలిసి పద్దెనిమిదేళ్ళలో ఆమె నవ్వడం ఇదే మొదలు. లేకపోతే నేనే ఎప్పుడూ గంపలోకి తప్ప పైకి చూసి ఉండను.

నా ఆదివారం తీసి వేస్తాను. న్యూస్‌పేపరు, ఇడ్లీ, కునుకు, రేపు సోమవారమన్న దిగులు. పేలాల్లా ఎగిరి రోడ్డు మీద పడుతుంది. ఒక కుక్క వాసన చూసి వదిలేస్తుంది.

నేనే ఎక్కి కూర్చుంటాను. డెబ్బై ఎనిమిది కేజీలు. పళ్ళెం నన్ను తీసుకుని పైకి లేస్తుంది.

"మీ ఒక్కరివల్ల ఏ పని అయింది గనక," అంటూ హైమ వచ్చి పక్కన కూర్చుంటుంది. మేస్టారు కిటికీలోంచి చూసి, "తూగితే నాకెన్ని గంటలు?" అని అడుగుతారు. మూడు అంటాను. నాలుగుకి తెగుతుంది. ఎక్కుతారు. పదహారు ఫ్లాట్లవాళ్ళూ తలా కాస్త వాటాకి ఎక్కుతారు. సోఫాలు ఎక్కుతాయి, ఏసీలు ఎక్కుతాయి, మేస్టారి స్టీలు బీరువా ఎక్కుతుంది. అసోసియేషన్ అప్పటికప్పుడు తీర్మానం చేసి అపార్టుమెంటునే ఎక్కిస్తుంది, నీళ్ళ ట్యాంకుతో సహా.

వేసినకొద్దీ లేస్తున్నాం. కింద గంటస్తంభం చింతగింజంత అవుతుంది. కోట ఒక అగ్గిపెట్టె. మబ్బులు బాల్కనీల్లోకి వచ్చి ఆరేసిన బట్టల మధ్య నిలబడతాయి. నాలుగంతస్తుల మేడనీ పైడమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది.

అంత ఎత్తు నుంచి చూస్తే అవతలి పళ్ళెం లోపల కనిపిస్తుంది.

ఆదివారం విప్పి ఉంది. జీడితోటా, దాని చివర నిజంగానే సముద్రం, సముద్రానికి ఇవతల ఒక రైలు. రైల్లోంచి ఒక పిల్ల దిగుతోంది, చంకలో బిడ్డ. బిడ్డ ఒక చెయ్యి మూసుకుని ఉంది. ఆ చెయ్యి తెరుస్తాడు. అందులో ఏమీ లేదు. అది చూసుకుని వాడు నవ్వుతాడు, ఆ నవ్వుకి మా మేడ పునాదులు చల్లగా అవుతాయి. మేము ఇన్నాళ్ళూ ఆకుల్లో చుట్టి తెచ్చుకున్న మధ్యాహ్నాలు, సాయంత్రాలు దీని తొక్కలని మా అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

"ఇది ఎంత..." అని మొదలుపెడతారు జోగారావు మేస్టారు. ఆగిపోతారు. ఆయన ఒక ధర అడగబోయి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. హైమ నా చెయ్యి పట్టుకుంటుంది. చాచి ఉన్న చెయ్యి మెల్లగా ముడుచుకుంటుంది.

"తూగనేదు బాబూ," అంటుంది పైడమ్మ కిందనుంచి. టమాటాలు అయిపోయాయి అన్నంత మామూలుగా.

తక్కెడ పిడిని పొద్దున్న ఎండకి తగిలిస్తుంది. పళ్ళెంలోంచి ఆదివారాన్ని తీసి బిడ్డని ఎత్తుకున్నట్టు చంకనేసుకుంటుంది. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుంటుంది. లెక్కప్రకారం మేము ధడేలున కింద పడాలి. పడం. ఆమె స్టేషను రోడ్డు వెంట నడుస్తుంది. ఆమె చుట్టూ మునిమాపు లేదు; ఆమె వెళ్ళినమేరా తెల్లవారుతోంది, దుకాణాల రేకులు వాటంతటవే పైకి లేస్తున్నాయి.

"అలా వెళ్ళిపోతోందేంటండీ?" అంటుంది హైమ.

తర్వాత ఆపుకోలేక, బాల్కనీ కమ్మీ మీదకి వంగి, ఊరంతా వినపడేలా అరుస్తుంది.

"పైడమ్మా! కొసరూ!"

పదహారు ఫ్లాట్లూ సిగ్గుతో తలలు దించుకుంటాయి. దించుకునే, చెవులు రిక్కించి వింటాయి.

పైడమ్మ వెనక్కి తిరగదు. నడుస్తూనే, ఒక చెయ్యి పైకి పోనిచ్చి ఖాళీ గంపలో తడిమి, ఏదో తీసి భుజం మీదుగా పైకి విసురుతుంది.

ముందు వాసన వస్తుంది. కొత్తిమీర.

తర్వాత వేర్లు. మట్టి ఇంకా తడిగా ఉంది. ఒక్కో వేరూ మా వీధంత వెడల్పు. ఒక్కో నీటిచుక్కలో ఒక్కో ఊరు, ఒక్కో ఊళ్ళో ఒక్కో వేళ. అవి మొదటి అంతస్తునీ రెండో అంతస్తునీ దాటి, ట్యాంకునీ దాటి, చప్పుడు చెయ్యకుండా పైకి పోతున్నాయి. మేమందరం బాల్కనీల్లో సంచులు తెరిచి పట్టుకుని నిలబడతాం.

చాలాసేపయింది. ఇంకా వేర్లే దాటుతున్నాయి.