బండి రేకు మీద రెండు దెబ్బలు

బండి రేకు మీద రెండు దెబ్బలు పడితే పోవాలి, ఒకటి పడితే ఆగాలి. పంతొమ్మిదేళ్లపాటు ఒసేవే కుడికాలు ఈ ఒక్క ధర్మానికే కట్టుబడి ఉంది. కెన్యాలో కిసుము నుంచి కాకమేగాకు పద్నాలుగు సీట్ల మటాటూ వ్యాను నడిపినన్నాళ్లూ వెనక ఎవరెక్కారో, ఎవరు దిగారో అతను తిరిగి చూసింది లేదు. కండక్టరు ఒతువోమా అరచేయి రెండుసార్లు మోగిందా, బండి కదిలిందన్నమాటే.

ఆ అలవాటే ఆరు వారాల కిందట అతని కొంప ముంచింది.

వెన్నుపూస జారి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఒసేవే ఫోనులో పోకర్ ఆడుతున్నాడు. ఆసుపత్రిలో పక్కమంచం మీది లెక్కల మాస్టారు నేర్పిన ఆట. డబ్బు కట్టే ఆటల జోలికి పోడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఉచితంగా జరిగే పోటీ ఒకటుంది. మూడు వందల మంది దిగుతారు. పందెం బిళ్లలన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పడితే, చివరికి మిగిలిన పదిమందికీ నైరోబీ పెద్ద పోటీలో తలా ఒక సీటు. కొండంత బిళ్లలున్నవాడికీ అదే సీటు, పిడికెడున్నవాడికీ అదే సీటు.

ఆరు వారాల కిందటి ఆ ఆదివారం, మటాటూ స్టేజీ పక్క టీకొట్టులో కూర్చుని ఆడుతుంటే ఇరవైమంది మిగిలారు. ఒసేవే చేతిలో రెండు, ఏడు. పేకలో అంతకంటే దరిద్రపు జత లేదు. పారేద్దామని బొటనవేలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒతువోమా నిండిన బండి మీద రెండు దెబ్బలు కొట్టాడు. వేలు దానంతటదే వెళ్లి 'మొత్తం' అన్న మీట నొక్కేసింది. ఉన్న బిళ్లలన్నీ పందెంలోకి వెళ్లాయి. నిమిషంలో ఆట ముగిసింది.

ఒతువోమా ఈ కథను కాకమేగా దాకా మోసుకెళ్లి, ప్రతి స్టాపులోనూ దించాడు. "మా డ్రైవరన్న ఖాళీ బండిని లోయలోకి పోనిచ్చాడు, అదీ నేను చెబితేనే!"

ఆ నవ్వులు ఒసేవేను బాధించలేదు. అతన్ని బాధించేది జాలి. అతను బండి ఎక్కగానే ముందుసీట్లో ఉన్న ఎవరో ఒకరు లేచి, "రండి పెద్దాయనా, మీ నడుముకి ఇదే మంచిది" అంటారు. వద్దన్నా వినరు. రెండేళ్లుగా అతను కూర్చున్న ప్రతి సీటూ ఎవరో దయతలచి ఇచ్చిందే. తన చేత్తో సంపాదించుకున్న సీటు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కావాలి. అందుకే ఈ ఆదివారం మళ్లీ స్టేజీ పక్కనున్న టీకొట్టుకే వచ్చాడు. పెట్రోలు బంకువాళ్ల వైఫై ఆ కొట్టు దాకానే అందుతుంది. ఇంట్లో సిగ్నలు నిలవదు.

కొట్టు యజమానురాలిని అందరూ అకెలో వాళ్లమ్మ అంటారు. ఆమె టీ పోస్తూ, "ఇక్కడే కూర్చుంటావా అన్నా? పోయినసారి ఇక్కడేగా పంచరైంది?" అంది.

"గుంటలెక్కడున్నాయో తెలిసిన రోడ్డే మేలు చెల్లెమ్మా."

ఆమె తన పీట మీది దిండు తెచ్చి అతని నడుము వెనక సర్దింది.

ఈసారి అతను ఒక ఉపాయం చేసుకొచ్చాడు. ఫోను బల్లమీద ఉంటుంది. రెండు చేతులూ టీకప్పును పట్టుకుని ఉంటాయి. మీట నొక్కాలంటే ముందు కప్పు కింద పెట్టాలి. కప్పు పెట్టేలోగా బుర్రకు ఒక ఊపిరంత వ్యవధి దొరుకుతుంది. ఇంట్లో ఆరు వారాలు ఇలాగే సాధన చేశాడు. మొదటివారం రెండు కప్పులు పగిలాయి.

నలభైమంది మిగిలేసరికి ఒతువోమా వచ్చి వెనక నిలబడ్డాడు. వాళ్ల బండి వంతుకు ఇంకా నాలుగు బండ్లున్నాయి. ఒసేవే దగ్గర ఐదు వేల నాలుగు వందల బిళ్లలు. తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం ఆరు వందలకు చేరింది. ముక్కలు బాగున్నా లేకున్నా, వంతు వచ్చినప్పుడల్లా అది కట్టాల్సిందే. ఊరికే కూర్చున్నవాడి కుప్ప ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోతుంది.

రాజు, తొమ్మిది వచ్చాయి. ముందువాళ్లంతా ముక్కలు పారేశారు. తన తర్వాత ఆడాల్సినవాళ్లు ఇద్దరే ఉన్నారు.

"దీనికా మొత్తం పెడతావు?" ఒతువోమా మూతి విరిచాడు. "కాస్త ఆగితే మంచి ముక్కలు రావా అన్నా?"

"పొద్దున పదకొండయిందనుకో. బండిలో తొమ్మిదిమందే ఉన్నారు. నిండేదాకా ఆగుతావా?"

"ఆగితే ఆ తొమ్మిదిలో నలుగురు దిగి పక్కబండి ఎక్కరూ?"

"మరేం చేస్తాం?"

"తొమ్మిదితోనే లాగించేస్తాం. దారిలో కిబోస్వాలో ఎక్కించుకుంటాం."

"ఆ మాట నువ్వే అన్నావు" అని ఒసేవే కప్పు కింద పెట్టి 'మొత్తం' నొక్కాడు.

ఆ ఇద్దరూ బెదిరి ముక్కలు పారేశారు. వాళ్లు కట్టిన పందేలు గొడవ లేకుండా అతని కుప్పలో చేరాయి. ఒతువోమా తల గోక్కున్నాడు.

ఇంకో రెండు చుట్లకు మళ్లీ మొత్తం పెట్టాల్సి వచ్చింది. ఈసారి రాజు, రాణి. అవతలివాడు బెదరలేదు. తొమ్మిదుల జతతో ఎదురొచ్చాడు. అందరికీ ఉమ్మడిగా మధ్యలో పరిచే ఐదు ముక్కలు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే ఒతువోమా ఊపిరి ఒసేవే మెడకు తగులుతోంది. చిట్టచివర రాణి పడి, ఒసేవే రాణుల జత గెలిచింది. అకెలో వాళ్లమ్మ ఎవరూ అడక్కుండానే రేడియో గొంతు తగ్గించింది. ఎండ తిరిగి ఫోను తెర మీద పడుతుంటే, ఒతువోమా తిడుతూనే పక్కకు జరిగి నీడ పట్టాడు.

నాలుగింటికి పదకొండుమంది మిగిలారు. ఇంకొక్కడు పోతే చాలు.

తప్పనిసరి పందెం నాలుగు వేలు. ఒసేవే దగ్గర ముప్పై ఎనిమిది వేలున్నాయి. అతనికంటే తక్కువున్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఒకడు ఒసేవే బల్ల దగ్గరే ఉన్నాడు. వాడికి మిగిలింది మూడు వేలే. ఈ పంపకం అయ్యాక, తర్వాతిదానిలో పందెం కట్టడం వాడి వంతు. అంటే ఉన్నదంతా పెట్టక తప్పదు.

ముక్కలు పంచారు. ఇస్పేటు ఆసు. ఆఠీను ఆసు. పేకలో ఇంతకు మించిన జత లేదు.

"ఓరి నాయనో!" ఒతువోమా తెర మీదికి వంగాడు.

అంతలో బల్ల దగ్గర అందరికంటే పెద్ద కుప్ప ఉన్నవాడు మొత్తం తోశాడు. ఒసేవే వంతు వచ్చింది. తెరమీద పదిహేను సెకన్ల గడియారం తిరగడం మొదలైంది.

"ఆలోచనేంటి? పోనీ! పోనీ!" అంటూ ఒతువోమా కొట్టు రేకుగోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు, పంతొమ్మిదేళ్లు కొట్టినట్టే.

ఒసేవే ఒళ్లంతా కదిలింది. కుడికాలు నేలను తన్నింది. కప్పు తొణికి టీ వేళ్లమీద ఒలికింది. సగం చల్లారింది కాబట్టి సరిపోయింది. చేతులు మాత్రం కప్పును వదల్లేదు.

పది సెకన్లు. ఆసుల జత ఇలాంటప్పుడు ఆరుసార్లకు ఐదుసార్లు గెలుస్తుందని మాస్టారు చెప్పాడు. ఆరోసారి సంగతి? పోనీ గెలిచాడే అనుకుందాం, వచ్చేదేమిటి? అదే సీటు. రెండు సీట్లు ఎవరూ ఇవ్వరు. ఇప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆ సీటు దాదాపు వచ్చినట్టే.

"అన్నా! వేలు పడిపోయిందా నీకు?"

ఐదు. ఒసేవే కప్పును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మూడు. రెండు. ఒకటి. గడియారం ఆగింది. ఆసులు రెండూ బోర్లా తిరిగి మాయమయ్యాయి.

ఒతువోమా నెత్తిన చేతులు పెట్టుకుని బెంచీమీద కూలబడ్డాడు. "ఆసులు! రెండు ఆసులు పారేశాడే అక్కా! నిండుబండిని షెడ్డులో పెట్టి తాళం వేశాడు! రేపు మజెంగో స్టాపులో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నీకు చెప్పడానికేనా ఆయన ఆడేది?" అంది అకెలో వాళ్లమ్మ.

తర్వాతి పంపకంలో ఆ మూడు వేలవాడు పోనేలేదు. గెలిచి కుప్పను రెండింతలు చేసుకున్నాడు. ఒతువోమా చప్పట్లు కొట్టాడు. "భేష్! నువ్వు ఎవడు పోతాడని కాచుకు కూర్చున్నావో వాడే బతికాడు. ఇంకొంచెం టీ తాగు."

ఒసేవే గుండె గేరు మార్చకుండా ఎత్తెక్కుతున్న ఇంజనులా కొట్టుకుంటోంది. మళ్లీ పంచారు. జాకీ, పది. వేరే రోజైతే ముచ్చటపడేవాడు. కప్పు పెట్టి, పారేసే మీట నొక్కి, కప్పు మళ్లీ అందుకున్నాడు. అవతల ఆ మూడు వేలవాడే మళ్లీ మొత్తం పెట్టాడు. ఒకడు ఎదురొచ్చాడు. ఐదు ముక్కలు తెరుచుకున్నాయి. వాడి పేరు తెరమీంచి చెరిగిపోయింది.

పచ్చటి పెట్టె ఒకటి వెలిగింది: మీకు నైరోబీ సీటు దక్కింది.

ఒతువోమా దాన్ని రెండుసార్లు చదివాడు. "ఆసులు పారేసి గెలిచినవాణ్ని నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు.

"రియాట్ కొండ దిగుతూ, కిసుము సరస్సు కనిపించాక ఓవర్‌టేక్ చేసినవాణ్ని చూశావా?"

"చూశాను. ఆసుపత్రిలో."

"ఊరు వచ్చేసిందిరా తమ్ముడూ. ఇక ముందున్న లారీతో మనకేం పని?"

అప్పటికి వాళ్ల బండి వంతు వచ్చి చాలాసేపయింది. కొత్త డ్రైవరు హారను మోగిస్తున్నాడు. లోపలివాళ్లు కిటికీల్లోంచి కండక్టరు వంశాన్నంతా తలుచుకుంటున్నారు. ఒసేవే ఇల్లు కిబోస్వా దగ్గరే. అతనూ లేచాడు. అకెలో వాళ్లమ్మ దిండు అతని చంకలో పెట్టి, "రేపు తెచ్చివ్వు" అంది.

ముందుసీట్లో కూర్చున్న ఆవిడ అతన్ని చూసి లేవబోయింది. "రండి పెద్దాయనా, మీ నడుముకి..."

"మీరు కూర్చోండమ్మా" అన్నాడు ఒతువోమా. "ఆయనకి నైరోబీలో సీటుంది. వెనక్కి నడు అన్నా, మూల ఖాళీగా ఉంది. త్వరగా, త్వరగా! నీవల్లే లేటు!"

ఒసేవే వంగి, మోకాళ్లు దాటుకుంటూ, ఎవరిదో కోళ్లగంపను తప్పించుకుంటూ వెనక మూలకు చేరాడు. దిండు నడుముకు పెట్టుకున్నాడు. ఎవరూ లేవలేదు. ఎవరూ జాలిగా చూడలేదు. పక్కనున్న లావుపాటాయన విసుక్కుంటూ ఒక బెత్తెడు మాత్రం జరిగాడు.

రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఒసేవే కుడికాలు బండి నేలను గట్టిగా నొక్కింది.